డీజిల్ గారి సరసన

హలో, వినపడుతోందాండీ? బండి మీదుంటే పక్కకి ఆపండి, పొయ్యి మీద ఏమన్నా ఉంటే మంట తగ్గించండి. ఒక షెడ్డులో జరిగిన ముచ్చట చెప్తాను. చిన్నదే.

"బావా, బోర్డు మీద నా పేరు పడాల్సిందే. పడకపోతే రేపట్నుంచి నేను పానా ముట్టను!" అన్నాడు చిట్టిమామ.

మెకానిక్కులిద్దరూ ఆశగా ఓనరు వైపు చూశారు.

నిచ్చెన మీద పెయింటరు కుంచె పట్టుకుని కూర్చున్నాడు. కింది వరుసలో 'డీజిల్ వర్క్స్' అని అప్పటికే రాసేశాడు. పై వరుస ఖాళీ. లారీలూ బస్సులూ బాగుచేసే ఆ షెడ్డు ఓనరుకి చిట్టిమామ స్వయానా బావమరిది. అక్క పిల్లలు పిలిచే పిలుపే అక్కడ అందరికీ అలవాటైపోయింది.

"నీ పేరు వద్దురా. నా మాట విను," బతిమాలాడు ఓనరు.

"ఎందుకు వద్దు? అసలు డీజిల్ అంటే ఏంటో తెలుసా బావా?"

"బంకులో పోస్తారు."

"అదే మరి! డీజిల్ అంటే మనిషి. ఆ ఇంజను కనిపెట్టిన పెద్దమనిషి ఇంటిపేరు. ముందు ఇంజనుకి అంటుకుంది, తర్వాత అందులో పోసే నూనెకీ అంటుకుంది. ఆయన పోయి వందేళ్లు దాటింది. ఇవాళ్టికీ బంకు దగ్గర నిలబడ్డ ప్రతివాడూ ఆయన పేరే జపిస్తున్నాడు!"

"అయితే మామా, పెట్రోలు ఆయన తమ్ముడా?" అంది బస్సు కిందనుంచి ఒక గొంతు.

"నోర్ముయ్! పెట్రోలియం అంటే రాతి నూనెరా, రాతి నూనె. కాస్త తెలుసుకుని ఏడవండి."

తిడుతూనే చిట్టిమామ ఎదురుగా ఉన్న వ్యాను బానెట్ దబ్బున మూశాడు. తీరా చూస్తే అరచేతిలో ఒక బోల్టు మిగిలింది. అటూ ఇటూ చూసి జేబులో వేసుకున్నాడు. అది లోపలున్న వాటికి తగిలి గలగలమంది.

"మామా, అదెక్కడిది?" అడిగాడు ఒక మెకానిక్.

"ఎక్స్‌ట్రా. కంపెనీవాళ్లు ఎప్పుడూ ఒకటి రెండు ఎక్కువే బిగిస్తారు."

ఓనరు తల పట్టుకున్నాడు.

"మనిషి పేరు మాటైపోవాలి బావా," అన్నాడు చిట్టిమామ. "ముక్కూ మొహం తెలియనివాడి నోట్లో కూడా నానాలి. జుట్టు నెరిసేదాకా ఈ గ్రీజులో పొర్లాను. నా గుర్తుగా ఇక్కడ ఏముంది చెప్పు?"

"చాలానే ఉంది," గొణిగాడు ఓనరు.

"ఏంటీ?"

"ఏం లేదులే. రాసెయ్యవయ్యా పెయింటరూ, రాసెయ్. ఇంటికెళ్లి మీ అక్కకి నేను జవాబు చెప్పుకోలేను."

కుంచె కదిలింది. మూరెడేసి ఎర్రటి అక్షరాలు. 'చిట్టిమామ డీజిల్ వర్క్స్'. చిట్టిమామకి కళ్లు చెమర్చాయి. తుడుచుకుంటే మొహమంతా గ్రీజు అయింది.

సరిగ్గా అప్పుడే ఒక లారీ దగ్గుతూ, నల్లటి పొగ కక్కుతూ వచ్చి గుమ్మంలో ఆగింది. డ్రైవరు కొత్తవాడు. ఎక్కడో దూరం నుంచి మొదటిసారి ఈ దారిన వస్తున్నాడు.

"అన్నా, కాస్త చూడండి. పొద్దున దారిలో ఏదో షెడ్డులో పెట్టాను. వాడెవడో చిట్టిమామ చేసి పంపాడు," అన్నాడు దిగుతూనే.

చిట్టిమామ ఉలిక్కిపడ్డాడు. "నేనా? నీ లారీని నేనెప్పుడు చూశానయ్యా?"

"అయ్యో, మిమ్మల్ని కాదండీ. చిట్టిమామ చేయడమంటే తెలీదా? అంతా విప్పి, మళ్లీ బిగించి, బోల్టులు మిగల్చడం. పాత రోగం పోదు, కొత్తది అంటుకుంటుంది. మా లారీలవాళ్లందరం అనే మాటే కదా!"

బస్సు కింద ఎవడో నవ్వు మింగబోయి దగ్గాడు. ఓనరు ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఆ మాట... ఎలా పుట్టిందో?" పీలగా అడిగాడు చిట్టిమామ. జేబులో బోల్టులు గలగలమనకుండా పైనుంచి చెయ్యి అదిమి పట్టుకున్నాడు.

"ఏమోనండీ. మా నాన్నా లారీ డ్రైవరే, ఆయనా అనేవాడు. పూర్వకాలం మాట అయ్యుంటుంది."

అంటూ డ్రైవరు తలెత్తాడు. తడి ఆరని ఎర్ర అక్షరాలు పెదాలు కదుపుతూ చదివాడు. చదివినవాడు చదివినట్టే లారీ ఎక్కి రివర్సు గేరు వేశాడు.

"ఓరి దేవుడో! దానికి ఏకంగా షెడ్డే తెరిచారా!"

ఇదండీ సంగతి. నవ్వొస్తే మీవాళ్లకి పంపించండి. మీ ఎరుకలో బోల్టులు మిగిల్చే మామ ఎవరైనా ఉంటే మాత్రం, ముందు ఆయనకే పంపండి.