బైరాగి వేషం

కలరా షెడ్డులో శవాలు మోసే మునిరత్నానికి తిరుపతిలో ఎవరూ గుక్కెడు నీళ్ళు కూడా పోయడం లేదు.

"ఈ పొద్దు గంగజాతర గదప్పా! బైరాగి వేషం కట్టి ఊరందర్నీ తిట్టు. అది గంగమ్మ మొక్కు, ఎవురూ ఏమనుకోరు. నీ మనసు తేలికవతాది," అన్నాడు షెడ్డు డాక్టరు.

మునిరత్నం ఒళ్ళంతా సుద్ద పూసుకుని వీధుల్లోకి వచ్చాడు. తిట్టినకొద్దీ జనం నవ్వారు. దగ్గరికొచ్చి దండం పెట్టారు, అంబలి పోశారు. ఇక అతనికి తిట్టబుద్ధి కాలేదు.

చివరికి డాక్టరు గడప ముందు దోసిలి పట్టాడు. డాక్టరు భార్య చెంబు వంచింది. అప్పటికే చెమటకు సుద్ద కారిపోయి మొహం బయటపడింది.

"అయ్యో, కలరా షెడ్డోడు!" అంటూ చెంబు విసిరేసింది.

డాక్టరే వచ్చి తలుపేసి గడియ పెట్టాడు.

లోపల్నించి అడిగాడు: "మనసు తేలికయిందా మునిరత్నం? రేపు పొద్దున్నే డూటీకొచ్చేయ్."