మేడ మీద ఫోను

భార్య స్నానానికి వెళ్లగానే మైకుసెట్టాయన ఆమె ఫోను తీసి చూశాడు. నిన్నా అదే నంబరు. మొన్నా అదే. మధ్యాహ్నం భోజనం వేళ ఒకసారి, సాయంత్రం ఇంటికొచ్చాక ఇంకోసారి. ఆ నంబరుకి పేరు లేదు. అతను దాన్ని తన ఫోనులోకి ఎక్కించుకున్నాడు.

అతన్ని వీధి వీధంతా మైకుసెట్టాయన అనే పిలుస్తుంది. సభలకీ పెళ్లిళ్లకీ స్పీకర్లు అద్దెకిస్తాడు, పాడైనవి బాగుచేస్తాడు. స్పీకరు కాస్త గరగరలాడితే చాలు, మూత విప్పకుండానే లోపం ఎక్కడుందో చెప్పేస్తాడు. తన చెవి మీద అతనికి అంత నమ్మకం. ఆ చెవికి ఇంట్లో మాత్రం పెద్దగా పని పెట్టడు.

ఆమె ఒక వాషింగ్ మెషీన్ల కంపెనీలో ఫిర్యాదులు వినే ఉద్యోగం చేస్తోంది. హెడ్‌ఫోను తగిలించుకుని పొద్దస్తమానం జనం చేత తిట్లు తినడం, క్షమించమనడం. తిట్లు తింటున్నప్పుడు కూడా గొంతులో నవ్వు వినిపించాలని సూపర్‌వైజరు హుకుం. ఈ మధ్య అతను ఆమెని పదిమందిలో నిలబెట్టి, “నీ గొంతులో జీవం లేదమ్మా” అన్నాడు. ఆమె సరే సార్ అని వెళ్లి సీట్లో కూర్చుంది.

పెళ్లయిన కొత్తలో, ఈ ఉద్యోగంలో చేరిన రోజుల్లో, ఆమె వసపిట్టలా వాగేది. కాస్త నోటికి విశ్రాంతి ఇవ్వు తల్లీ అని మైకుసెట్టాయనే విసుక్కునేవాడు. ఇప్పుడు అడిగినదానికి ముక్తసరిగా జవాబు చెప్పి ఊరుకుంటోంది. ఆ మార్పు ఎప్పుడొచ్చిందో అతను గమనించలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉందని సంతోషించాడు.

కిందటి వారం అన్నం తింటుండగా ఆమె తనంతట తానే అడిగింది.

“ఏవండీ, ఒకసారి డాక్టరు దగ్గరికి వెళ్దామా?”

“ఏం, జ్వరమా?”

“కాదు. నాకేమీ అనిపించడం లేదు.”

“ఏమీ అనిపించకపోతే డాక్టరెందుకు?” అని నవ్వాడు.

“ఎవరు తిట్టినా బాధ వెయ్యట్లేదు. మొన్న మీ చెల్లెలికి పాప పుట్టిందంటే సంతోషమూ వెయ్యలేదు. ఇలా ఉంటే భయపడాలి కదా, ఆ భయం కూడా లేదు.”

అత్తగారు మధ్యలో అందుకుంది. “తిండి సరిగ్గా తినకపోతే అంతే మరి. పిచ్చి డాక్టరు గడప తొక్కావంటే నలుగురూ ఏమనుకుంటారు? మా కాలంలో ఇవన్నీ ఎరుగుదుమా?”

“పోనీ ఈ ఉద్యోగం మానేస్తానండీ. లైబ్రరీలో పిల్లలకి కథలు చదివి వినిపించే పనుందట. వెళ్లి అడుగుతాను. కొత్తగా మొదలుపెడితే మళ్లీ మనిషినవుతానేమో.”

“నువ్వా? నీ గొంతుకి పిల్లలు మొదటి పేజీలోనే నిద్రపోతారు” అన్నాడు మైకుసెట్టాయన. తల్లీ కొడుకూ హాయిగా నవ్వుకున్నారు. ఆమె కంచాలు తీసుకుని లోపలికి వెళ్లింది. ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

ఇప్పుడేమో ఈ నంబరు.

ఆ సాయంత్రం ఆరిన బట్టలు తెస్తానని ఆమె మేడ ఎక్కితే, అతను చప్పుడు కాకుండా వెనకే వెళ్లాడు. ఆమె పిట్టగోడకి ఆనుకుని, కళ్లు మూసుకుని, ఫోను చెవికి పెట్టుకుని ఉంది. ఒక్క మాటా మాట్లాడటం లేదు. అవతలివాళ్లు చెప్పేది వింటోందంతే. వింటున్నకొద్దీ మొహం తేటపడుతోంది. ఆ మొహాన్ని అతను చూసి చాలా కాలమైంది. ఎవడు వాడు, అనుకున్నాడు. అడిగితే తెలిసిపోతుంది. తెలిస్తే ఏం చెయ్యాలో తోచక కిందికి దిగొచ్చేశాడు.

మర్నాడు షాపు తెరవగానే ఆ నంబరు కొట్టాడు. మగగొంతు పలికితే ఏమనాలో ముందే అనుకుని పెట్టుకున్నాడు.

కాసేపు సంగీతం వచ్చింది. తర్వాత ఒక ఆడపిల్ల గొంతు.

“నమస్కారమండీ. మీ వాషింగ్ మెషీను మిమ్మల్ని బాగా విసిగించినట్టుంది. కోప్పడండి, పర్లేదు. మా వాళ్లు ఖాళీ అయ్యేదాకా నేను మీతోనే ఉంటాను. లైన్లోనే ఉండండి, ఎక్కడికీ వెళ్లిపోకండేం.”

అది రికార్డింగు. భార్య పనిచేసే కంపెనీ ఫిర్యాదుల నంబరే. మైకుసెట్టాయన హమ్మయ్య అని కుర్చీలో కూలబడ్డాడు. సంగీతం, మళ్లీ ఆ గొంతు. వెళ్లిపోకండేం అన్నచోట ఆ పిల్ల నవ్వాపుకోవడం తెలుస్తోంది. భలే గొంతు అనుకుని ఇంకోసారి విన్నాడు.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి ఆమె మంచం మీద బట్టలు మడతపెడుతోంది. మనసు తేలికపడటంతో అతనికి మాటలు వాటంతటవే వచ్చాయి.

“నువ్వు రోజూ చేస్తున్న నంబరుకి ఇవాళ నేనూ చేశాను.”

ఆమె తలెత్తింది. “విన్నారా?”

“విన్నాను. నేనింకా ఎవడో అనుకుని… సరేలే. పొద్దంతా చచ్చేది అక్కడే కదా, మళ్లీ ఆ రికార్డింగు వినడమేంటి?”

“వింటే కాస్త ప్రాణం లేచొచ్చినట్టుంటుందండీ.”

“ఎందుకుండదు? నాకే అలా ఉంది. గొంతంటే అదీ. ఆ పిల్లకి దిగులంటే ఏంటో తెలీదు, నా చెవిని నమ్ము. వెయ్యిమందిలో మాట్లాడినా గుర్తుపట్టేస్తాను.”

ఆమె మడతపెట్టిన చొక్కా విప్పి మళ్లీ మడతపెట్టింది.

“వింటుంటే మీకింకేమీ అనిపించలేదా?”

“ఏమనిపిస్తుంది? నువ్వు ఆ పిల్లని చూసి నేర్చుకుంటే ఏ డాక్టరూ అక్కర్లేదనిపించింది. ఇంతకీ ఆ అమ్మాయి మీ ఆఫీసులో ఇంకా ఉందా, మానేసిందా?”

ఆమె చాలాసేపు ఆలోచించింది.

“అది నా గొంతేనండీ” అంది.