ఎవరి కిందా లేని మనిషి

ఇరవై ఏళ్ల సర్వీసులో పావుగంట ఆఫీసుకి అందరికన్నా ముందు వచ్చింది ఒక్కసారే. అదీ దొంగపని చెయ్యడానికి.

పావుగంట అనేది అతని అసలు పేరు కాదు లెండి. రోజూ అంతసేపు ఆలస్యంగా వస్తాడని, జుట్టు మొలిపించే నూనె తయారుచేసే ఆ కంపెనీలో అందరూ కలిసి తగిలించిన పేరు. సూపర్‌వైజరు పేరుతో సరిపెట్టుకోలేదు. రెండు మెమోలు కూడా ఇచ్చాడు. మూడోది అందితే ఉద్యోగం ఊడినట్టే.

"ఇంకో మెమో తెచ్చారంటే నేనూరుకోను. మా తమ్ముడి కొట్లో పనికి కుదిరిపోండి" అని ముందురోజే తేల్చి చెప్పింది భార్య.

బావమరిది కింద పనిచెయ్యడమా! పావుగంట తెల్లారకుండానే ఆఫీసుకి పరిగెత్తాడు.

కంపెనీలో ఉద్యోగుల పట్టికని కంప్యూటర్లో చూసుకునేది అతనే. అందులో ప్రతి అధికారి పేరు పక్కనా ఒక ప్లస్ గుర్తు ఉంటుంది. నొక్కితే ఆయన కింద పనిచేసేవాళ్ల పేర్లన్నీ బిలబిలమంటూ దిగుతాయి. మళ్లీ నొక్కితే ముడుచుకుపోతాయి. ఎవరు ఎవరి కింద దిగాలో చెప్పడానికి 'పై అధికారి' అని ఒక గడి ఉంది.

పావుగంట తన పేరు తెరిచి, ఆ గడిలోంచి సూపర్‌వైజరుని తుడిచేశాడు. అంతే, పని పూర్తయింది.

మర్నాడు సూపర్‌వైజరు ప్లస్ నొక్కితే పద్నాలుగు మందికి బదులు పదమూడు మందే దిగారు. ఆయనగారు దిగినవాళ్లకి హాజరు వేసేసి టీకి వెళ్లిపోయాడు. తెర మీద పేరు ఎర్రగా కనిపిస్తేనే ఆయనకి ఆలస్యం. మనిషి ఎదురుగా ఆవులించుకుంటూ నడిచొచ్చినా కంటికి ఆనదు.

ఇక చూస్కోండి వైభోగం! పావుగంట కాస్తా అరగంట అయ్యాడు, ఆపైన గంటన్నర అయ్యాడు. మధ్యాహ్నాలు గోడౌన్లో అట్టపెట్టెల వెనక గుర్రుపెట్టి నిద్రపోయేవాడు. సెలవు చీటీ పెడితే కాదనే పై అధికారి లేడు కాబట్టి దానంతటదే మంజూరైపోయేది.

నెల తిరక్కుండానే యజమాని పిలిపించాడు. పావుగంట చొక్కా సర్దుకుంటూ లోపలికెళ్లాడు.

యజమాని ముందు పట్టిక ముడుచుకుని ఉంది. రెండే పేర్లు కనిపిస్తున్నాయి, ఒకటి యజమానిది, రెండోది తనది. పై అధికారి లేని పేరుని పట్టిక తీసుకెళ్లి అందరికన్నా పైన కూర్చోబెడుతుందన్న సంగతి పాపం అతనికి తట్టనే లేదు.

"ఏమిటయ్యా ఇది? నువ్వెవరి కిందా లేవే?"

"పొరపాటండీ... ఇప్పుడే సర్దేస్తానండీ."

యజమాని గడ్డం గోక్కుంటూ తెర వంక చాలాసేపు చూశాడు. తర్వాత హాయిగా నవ్వాడు.

"వద్దు, అలాగే ఉండనీ. ఇరవై ఏళ్ల మనిషివి, ఆమాత్రం పైన కూర్చోకూడదా? ఇవాళ్టి నుంచి సరుకు కాగితాల మీద సంతకాలు కూడా నువ్వే పెట్టు."

వేరే గది ఇచ్చారు. తిరిగే కుర్చీ వేశారు. సూపర్‌వైజరు లేచి నిలబడి నమస్కారం పెడుతుంటే పావుగంటకి కడుపు నిండిపోయింది. మెమో తప్పించుకుందామని చిన్న దొంగతనం చేస్తే కుర్చీయే నడిచొచ్చింది, తన అంత తెలివైనవాడు ఇంకెవడున్నాడు!

"మా తమ్ముడికి చెప్పానండీ. నమ్మలేక నాలుగుసార్లు అడిగాడు" అని మురిసిపోయింది భార్య. సిగ్గేసి ఆ వారమంతా టైముకే ఆఫీసుకి వెళ్లాడు.

పదో రోజున ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఆయన వెనక టోపీలు పెట్టుకున్న ఇరవై మంది ఉన్నారు. నూనె రాసుకున్నాక ఉన్న జుట్టు కూడా ఊడిపోయినవాళ్లు.

"ఈ సంతకాలు మీవేనా?"

"నావేనండీ. కానీ పైవాళ్లు పెట్టమంటేనే పెట్టాను! నాకేం తెలీదు, అంతా యజమానిగారే. నమ్మకపోతే పట్టిక చూడండి" అంటూ పావుగంట తనే తెరని ఇన్‌స్పెక్టరు వైపు తిప్పాడు.

పై వరుసలో ఒక్క పేరే ఉంది. తనదే.

"ఆయన పేరు ఇక్కడే ఉండాలండీ..." పక్కనున్న ప్లస్ నొక్కాడు. సూపర్‌వైజరు దిగాడు, మేనేజర్లు దిగారు, డ్రైవర్లు దిగారు, ఊడ్చేవాళ్లు దిగారు, అందరికన్నా అడుగున 'తోటమాలి' అన్న హోదాతో యజమాని దిగాడు.