రెండు గీతలు

పెళ్లి రేపనగా, పొద్దున్నే ఒక పెద్దమనిషి వెంకటరత్నం వంటశాలలోకి వచ్చాడు.

భుజాన తెల్ల సంచి. చెప్పులు బయటే విప్పాడు. కుళాయి దగ్గర చేతులు సబ్బుతో కడుక్కున్నాడు. తిన్నగా వెళ్లి కోవా పళ్లేల ముందు నిలబడ్డాడు.

ఊరక రారు మహానుభావులు అనుకున్నాడు వెంకటరత్నం. తెనాలిలో పాతికేళ్లుగా పెళ్లివంటలు చేయిస్తున్నవాడు. మనిషి నడక చూస్తే వచ్చిన పని చెప్పగలనని ఆయనకు గట్టి నమ్మకం.

"ఎక్కణ్నుంచండి రావటం?"

"బాపట్ల ల్యాబు నుంచేనండి. రవ్వంత కోవా ఇస్తే పరీక్ష చేసి చెప్తాను."

ల్యాబు అనగానే వెంకటరత్నం భార్య భువనేశ్వరి వైపు చూసి కన్ను గీటాడు. వచ్చినవాడు ఫుడ్ ఇన్‌స్పెక్టరే. ఇన్‌స్పెక్టర్లకు ఆయన దగ్గర ఒకటే వైద్యం. కుర్చీ, కాఫీ, వెళ్లేటప్పుడు రెండు కిలోల స్వీటు పార్సెలు.

"కాఫీ చాలండి. పెళ్లి భోజనాలు మానేశాను," అన్నాడు పెద్దమనిషి.

"షుగరా సార్?"

"అలాంటిదేననుకోండి."

శుభ్రమైన చెంచాతో కాస్త కోవా తీసి, సంచిలోని సీసా నీళ్లలో వేశాడు. మూత బిగించి, సీసాని ఒక చిన్న వెచ్చటి పెట్టెలో పెట్టాడు.

"చెడ్డ క్రిములుంటే ఇందులో సాయంత్రానికి పెరుగుతాయండి. అప్పుడు ఈ కాగితప్పట్టీ ముంచితే పావుగంటలో తేలిపోద్ది. ఒక గీత పడితే తినొచ్చు. రెండు పడితే తినకూడదు."

"సాయంత్రానికే తెలిసిపోద్దా?"

"ఇదివరకు అయిదు రోజులు పట్టేదండి. తిన్నవాళ్లు ఆస్పత్రిలో ఉండేవాళ్లు, రిపోర్టు దారిలో ఉండేది."

వెంకటరత్నం పకపకా నవ్వాడు. నవ్వితే ఆయన నోరు ఆగదు.

"మా దగ్గర అలాంటి భయాలేం పెట్టుకోకండి సార్. నేనేమన్నా రేపల్లె సంజీవరావునా? ఒక్క పెళ్లితో మూడొందల మందిని మంచాన పడేశాడు. ఆ దెబ్బకి ఆయన గరిటె మూలపడింది, అటువైపు పెళ్లిళ్లన్నీ నాకొచ్చిపడ్డాయి. ఆయన మొహం చూసి ఎరగను గానీ, కనపడితే పూలదండ వెయ్యాలి."

"నూట ముప్పై ఏడు మందండి."

"మీ ఫైల్లో అలా రాసుకున్నారేమో లెండి."

పెద్దమనిషి కాఫీ గ్లాసు తనే కడిగిపెట్టి, బయట బెంచీ మీద కూర్చున్నాడు. సంచిని నిద్రపోయే పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని సాయంత్రం దాకా కదల్లేదు. భువనేశ్వరి రెండుసార్లు భోజనానికి పిలిచింది. తెచ్చుకున్నానని డబ్బా చూపించాడు.

అయిదున్నరకి లోపలికొచ్చి పట్టీ చూపించాడు.

రెండు గీతలు.

వెంకటరత్నం మొహంలో నవ్వు ఎగిరిపోయింది. రేపు అంగలకుదురులో పెళ్లి. పన్నెండొందల విస్తళ్లు. కోవా అంటే పెళ్లివారికి ప్రాణం. అది లేదంటే పాతికేళ్ల పేరు గంగపాలే.

"సార్, ఏదో విధంగా సర్దుకుందామండి."

"మనం సర్దుకుంటాం. క్రిములు సర్దుకోవండి."

"ముక్కుకి మంచి వాసనే వస్తోందిగా సార్."

"ఆ రోజూ మంచి వాసనే వచ్చిందండి," అన్నాడు పెద్దమనిషి మెల్లగా.

ఏ రోజని అడిగే తీరిక వెంకటరత్నానికి లేదు. భువనేశ్వరి భర్తని పక్కకి లాగింది.

"ఇన్‌స్పెక్టరుతో మీకెందుకండి? రేపు పందిట్లోకొచ్చి సీజు చేస్తే తలెక్కడ పెట్టుకుంటాం? పాతెయ్యండి."

క్రిములకు కాదు, సీజుకు భయపడ్డాడు వెంకటరత్నం. దొడ్లో గొయ్యి తవ్వించాడు. పెద్దమనిషి కూడా ఒక పార అందుకున్నాడు. కోవా అంతా గోతిలో పడ్డాక నుదురు తుడుచుకుంటూ అన్నాడు.

"బూరెలు వెయ్యండి. పాతిక కిలోల శనగపప్పు చాలుద్ది. పొద్దున్నే పూర్ణం ఉడికించి, వేడివేడిగా వేయించి వడ్డించండి. ఏ బెంగా ఉండదు."

ఇన్‌స్పెక్టరుకి పప్పు కొలతలు కూడా తెలుసే అని ఆశ్చర్యపోయాడు వెంకటరత్నం. తేరుకుని పార్సెలు కట్టించేలోపు ఆ మనిషి బస్సెక్కేశాడు.

పెళ్లిలో బూరెలు బూరెల్లా లేవు, బంగారంలా ఉన్నాయన్నారు. పెళ్లికూతురి తాతగారు నాలుగు తిని, అయిదోది జేబులో వేసుకున్నారు. వెంకటరత్నం మీసం మళ్లీ లేచింది.

మూడో రోజు పేపరు చూసి ఆ మీసం వాలిపోయింది. తనకు కోవా పంపినవాడే ఇంకో ఊరి గృహప్రవేశానికీ పంపాడట. తిన్నవాళ్లలో అరవై మందికి సెలైన్లు ఎక్కించారు. అందరూ కోలుకున్నారన్న ఆఖరి వాక్యం దాకా చదివి, కూలబడ్డాడు.

"ఆయన దేవుడే," అన్నాడు.

"మీరు పార్సెలు కట్టబోయిన దేవుడు," అంది భువనేశ్వరి.

మర్నాడే ఒక శాలువా, మూరెడు లావు పూలదండ పట్టుకుని బాపట్ల ల్యాబుకి వెళ్లాడు. కృపారాణి అనే అమ్మాయి ఎదురొచ్చింది. తెల్ల సంచి ఇన్‌స్పెక్టరు గారు కావాలన్నాడు.

ఆమె నవ్వేసింది.

"ఆయన ఇన్‌స్పెక్టరు కాదండి. ఏ ఆఫీసరూ కాదు. మా దగ్గర పరీక్ష నేర్చుకున్నారు, పట్టీలు సొంతంగా కొనుక్కుంటారు. ఎక్కడ పెళ్లంటే అక్కడికి సంచి తగిలించుకుని పోతారు."

"ఆయనకెందుకమ్మా అంత శ్రమ?"

"నేనూ అడిగానండి. నా రిపోర్టు అయిదు రోజులు లేటుగా వచ్చిందమ్మా అన్నారు."

వెంకటరత్నం దండ ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"పేరు చెప్పమ్మా. ఎక్కడున్నా వెతికి ఈ దండ ఆయన మెళ్లో వేసే ఇంటికి పోతాను."

"సంజీవరావు గారండి," అంది కృపారాణి. "ఒకప్పుడు రేపల్లెలో పెళ్లివంటలు చేయించేవారట."