మాట్లాడని సెలూన్

“మాట్లాడు నాన్నా. ఒక్క నిమిషమేగా. ఏదో ఒకటి చెప్పు,” అంది హేయినీ, ఫోన్‌ని అద్దానికి ఆనించి.

తైస్తో ఫోన్ వంక చూశాడు. దువ్వెన తుడిచాడు. మళ్ళీ ఫోన్ వంక చూశాడు. నిమిషం అయిపోయింది.

“ఏం చెప్పమంటావు?” అన్నాడు.

“ఇప్పుడా నోరు తెరిచేది? రికార్డింగ్ ఆగిపోయాక?”

హేయినీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పులినా అని ఫోన్లలో కొత్త యాప్ ఒకటి వచ్చింది. అందులో దుకాణంవాళ్ళు రోజుకో నిమిషం కబుర్లు చెప్పాలి, ఊరంతా వింటుంది. బజారు అవతల కొత్తగా పెట్టిన సెలూన్ వాళ్ళు పొద్దున్నే అందులో వాగుడు మొదలుపెడతారు. మా ఈసల్మి ఊళ్ళో నలభై ఏళ్ళ లోపు తలకాయలన్నీ అటే పోతున్నాయి. ఇటు తైస్తో సెలూన్లో ఉన్నవి రెండే కటింగ్ కుర్చీలు, ఒకటి తండ్రిది, ఒకటి కూతురిది. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా అక్కడ కత్తెర చప్పుడే గానీ మనిషి గొంతు వినపడదు. ఎప్పటిలాగేనా అన్నట్టు తైస్తో అద్దంలోంచి చూస్తాడు, కూర్చున్నవాడు తలాడిస్తాడు. అంతే.

“క్రిస్మస్ లోపు పుస్తకం నిండకపోతే మూసేద్దామన్నది నువ్వే,” అని హేయినీ అపాయింట్‌మెంట్ల పుస్తకం తెరిచి చూపించింది. “ఈ వారమంతా కలిపి తొమ్మిది పేర్లు. మూసేస్తే నేనెక్కడో చోట చేరతాను. నువ్వేం చేస్తావు? ఇంట్లో గోడలకి కటింగ్ చేస్తావా?”

తైస్తో మొహం చిన్నబోయింది. సెలూన్ లేకపోతే పొద్దున లేచి ఏం చెయ్యాలో అతనికి నిజంగానే తెలియదు.

“వచ్చేవాళ్ళని అడుగుదాం,” అన్నాడు చివరికి.

“అడుగు. నోరు తెరిచి అడుగు.”

అది అతని వల్ల ఎక్కడవుతుంది? మాలో పొరుగువాడికి ఏదైనా చెప్పాలంటే తలుపు తట్టం, మెట్ల దగ్గర చీటీ అంటిస్తాం. తైస్తో కూడా ఒక చీటీ రాసి అద్దం పక్కన అంటించాడు. “పుస్తకం నిండటం లేదు. నిండకపోతే క్రిస్మస్‌కి సెలూన్ మూత. పులినాలో చేరదామంటోంది అమ్మాయి. చేరాలా, వద్దా? కింద పుస్తకంలో రాయండి.” అందుకోసం వేరే పుస్తకం పెట్టాలన్న ఆలోచన ఆ మహానుభావుడికి రాలేదు. ఉన్న అపాయింట్‌మెంట్ల పుస్తకాన్నే తెరిచి, దారంతో ఒక పెన్సిల్ కట్టి ఊరుకున్నాడు.

ఇదంతా కిటికీ పక్క కుర్చీలోంచి ఓయివా చూస్తున్నాడు. రిటైరైన రైలు డ్రైవరు. చెవుల మీదికి లాగిన ఊలు టోపీని ఎండాకాలంలో కూడా తియ్యడు. రోజూ పదింటికి వచ్చి పేపరు చదువుతాడు, వాళ్ళ కాఫీ తాగుతాడు, పన్నెండింటికి వెళ్ళిపోతాడు. కటింగ్ మాత్రం ఒక్కసారీ చేయించుకోలేదు.

“మీరైనా చెప్పండి ఓయివా బాబాయ్. చేరమంటారా, వద్దంటారా?”

“నాకవన్నీ ఏం తెలుసమ్మా.”

“రేపు ఇది మూసేస్తే మీ కాఫీ ఎక్కడ తాగుతారట?”

ఏదో వేళాకోళానికే అంది. ఓయివా కప్పు కింద పెట్టేశాడు. మళ్ళీ ముట్టుకోలేదు. ఇంట్లో ఒక్కడే ఉండే మనిషిని అనకూడని మాట అన్నానే అని హేయినీ మనసు చివుక్కుమంది.

వారం గడిచింది. వచ్చినవాళ్ళు చీటీ చదివారు, దగ్గారు, కాసేపు నేల చూపులు చూశారు, పుస్తకంలో ఏదో రాసి కోట్లు తొడుక్కుని వెళ్ళిపోయారు. శనివారం మధ్యాహ్నం తలుపు గడియ పెట్టి హేయినీ పుస్తకం తీసింది.

“బాగుంది వరస. ఒక్కరంటే ఒక్కరు జవాబు రాయలేదు నాన్నా. చేరమనీ లేదు, వద్దనీ లేదు.”

“మరేం రాశారు?”

“పేర్లు. టైములు.” పేజీ తిప్పింది. ఇంకో పేజీ తిప్పింది. “పోస్టాఫీసు కాలేవీ నెలకోసారి కదా వచ్చేది, పదిహేను రోజులకోసారి రాసుకున్నాడు. మందుల షాపావిడ మొగుణ్ణీ మరుదులిద్దర్నీ కూడా రాసేసింది. క్రిస్మస్ దాకా ఖాళీ లేదు. ఫిబ్రవరి... మార్చి... జూన్ దాకా నింపేశారు నాన్నా.”

తైస్తో కిటికీ వైపు తిరిగాడు.

“జవాబు రాయలేదన్నావు,” అన్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి దువ్వెన తుడిచే గుడ్డే దొరికింది.

హేయినీ అద్దం దగ్గరున్న ఫోన్ తీసి జేబులో వేసుకుంది. పులినా మాట ఇక ఎత్తలేదు.

“ఇదిగో, ఇదెవరో చూడు,” అంది పుస్తకం మూయబోతూ. “ప్రతి మంగళవారం పదింటికి. వారం వారం కటింగట. పేరు రాయడం మర్చిపోయాడు పాపం.”

మంగళవారం పదింటికి తలుపు తెరుచుకుంది. వచ్చింది ఓయివాయే. పేపరు ముట్టుకోలేదు, కిటికీ వైపు పోలేదు. తిన్నగా వెళ్ళి తైస్తో కుర్చీలో కూర్చుని అద్దంలోకి చూశాడు. హేయినీ చేతిలో చీపురు ఆగిపోయింది. తైస్తో గుడ్డ దులిపి అతని మెడకి కట్టాడు, కత్తెర అందుకున్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళలో మొదటిసారి కుర్చీలో మనిషితో నోరు విప్పాడు.

“ఎలా చెయ్యమంటావు?”

“మరీ పొట్టిగా వద్దు,” అంటూ ఓయివా టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఒక్క వెంట్రుకైనా లేని ఆ నున్నటి తల చుట్టూ తైస్తో అరగంటసేపు ఓపిగ్గా కత్తెర ఆడించాడు.