ఇరవయ్యో ఆకు

"ఎండిన ఆకు గట్ల నిలువదు టీచరమ్మా. తడిగుడ్డల సుట్టి జరసేపు పెట్టు."

ప్రేమలత తలెత్తి చూసింది. అంగన్‌వాడీ గేటు బయట ఎవరో ముసలామె. తలమీద కొంగు, చంకలో గుడ్డసంచి.

ప్రేమలతకు అసలే చిరాగ్గా ఉంది. రాలిన ఆకులతో పిల్లలచేత బొమ్మలు చేయించమని పైనుంచి వీడియో వచ్చింది. అందులోని ఆకులు ఏ దేశానివో గానీ, చెప్పినట్టు వింటున్నాయి. బిజినేపల్లి పక్కనున్న ఈ ఊళ్లో బాదం ఆకులు ఎర్రగా బాగానే రాలాయి. ముట్టుకుంటే మాత్రం అప్పడాల్లా విరిగిపోతున్నాయి.

ఇరవైమంది పిల్లలేమో కప్పల తక్కెడ.

తడిగుడ్డ మాట పనిచేసింది. ఆకులు మెత్తబడ్డాయి.

"లోపలికి రా అవ్వా. నీ పేరేంది?"

"తాజ్‌బీ."

తాజ్‌బీ వసారాలో కూర్చుని, చీపురుపుల్లలతో ఆకుకు ఆకు కుట్టి చిలకను చేసింది. ఆకును కంటికి ఆనించుకుంటే గానీ పుల్ల గుచ్చలేకపోతోంది. అయినా పిల్లలు ఆమె చుట్టూ మూగారు.

గోపి ఒక్కడే మూలన ఉండిపోయాడు. నాలుగేళ్లవాడు. దసరా అయ్యాక తల్లి వాణ్ణి నాయనమ్మ దగ్గర వదిలి పుణెకు వలసపోయింది. అప్పటినుంచి వాడికి మాటా తక్కువే, తిండీ తక్కువే.

తాజ్‌బీ వాడి పక్కకు జరిగింది. చిన్న దొప్ప కుట్టి, అందులో ఉడికిన గుడ్డు పెట్టింది.

"చిలకకు ఇంత, మా గోపికి ఇంత."

వాడు గుడ్డంతా తిన్నాడు.

ప్రేమలతకు సంతోషం వేసింది. వెంటనే అనుమానమూ వచ్చింది.

"వాని పేరు నీకెట్ల తెలుసు అవ్వా?"

"ఎవరో పిలుస్తుంటె విన్న."

మరునాడూ వచ్చింది తాజ్‌బీ.

"రాత్రి మంచిగ నిద్రపోతుండంటనా టీచరమ్మా? ఏడుస్తుండా?"

అడిగేవన్నీ గోపి సంగతులే. ప్రేమలత ఫోన్ నిండా పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారనే మెసేజులు. ఆరోజు నుంచి ముసలామె మీద ఒక కన్ను వేసే ఉంచింది.

మూడోనాడు రంగులు తీశారు. పిల్లలంతా అరచేతులకు పసుపురంగు పూసుకుని ఎర్రటి ఆకులమీద ముద్రలు వేశారు. గోపి చివర్లో వేశాడు. వేసి, ముద్రను చూసుకుని పకపకా నవ్వాడు. వాడి నవ్వు వినడం ప్రేమలతకు అదే మొదలు.

తాజ్‌బీ మెల్లగా దగ్గరికి వచ్చింది.

"గోపి ఆకు నాకిస్తవా టీచరమ్మా?"

"ఎట్లిస్త? రేపు సూపర్‌వైజర్ మేడం వస్తది. ఇరవై మందికి ఇరవై ఆకులు గోడకు ఉండాలె."

"వానితోని ఇంకోటి ఏయిస్తె?"

"రంగు అయిపోయింది. అయినా, పరాయి పిల్లగాని ఆకు నీకెందుకు? నువ్వెవరో, ఏ ఊరో తెల్వదు. రేపటి నుంచి రాకు."

తాజ్‌బీ నోరు తెరిచింది. పక్కనే నిలబడి వింటున్న గోపిని చూసి మూసుకుంది.

"ఏం లేదు బిడ్డా. ఊకెనే అడిగిన."

గోపి అరచేతిని తీసుకుని కళ్లకు అద్దుకుంది. గేటుదాకా తడుముకుంటూ నడిచి వెళ్లిపోయింది.

మరునాడు మేడం వచ్చింది. రెండు ఫొటోలు తీసుకుని, నీళ్లయినా తాగకుండా వెళ్లింది. ఆకులను ఎవరూ లెక్కపెట్టలేదు.

మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"టీచరమ్మా, నేను గోపి అమ్మను, సత్యమ్మను. మా తాజ్‌బీ పెద్దమ్మ వచ్చిందా?"

ప్రేమలత గోడవైపు తిరిగింది.

"ఆమె మీ సుట్టమా?"

"కాదు, ఆమెది బల్మూర్. ఈడ పుణెల ఇద్దరం ఒక్కకాడనే తట్టలు మోస్తం. నా కొడుకు చెయ్యి తాకింది ఏదన్న తెమ్మని చెప్పిన. ఫోన్ల వాని ఫొటోలు ఎంత సూసినా పానం నిమ్మలపడ్తలేదు. ఆమెకు ఫోన్ లేదు. పొద్దుగాలనే బస్సెక్కిందని వాళ్లింటోళ్లు చెప్పిండ్రు, రేపటికి ఈడికొస్తది. ఏమన్న ఇచ్చి పంపినవా?"

గోడమీద ఇరవయ్యో ఆకు. చిన్న పసుపు చెయ్యి. ప్రేమలతకు ఏడుపు తన్నుకొచ్చింది.

"నువ్వు పంపినవని నాతోని ఒక్క మాట చెప్పలేదేంది సత్యమ్మా ఆమె?"

"నా పేరు వాని చెవుల పడొద్దని ఒట్టేయించుకున్న. పడితె మళ్ల అన్నం ముట్టడు."

సత్యమ్మే మళ్లీ అంది.

"నాకు సెలవియ్యలే టీచరమ్మా. ఆమెకు కండ్ల ఆపరేషన్ చేయించుకోనీకె వారం దినాలు ఇచ్చిండ్రు. దవాఖాన యాడికి పోతది, ముందుగాల నీ కొడుకును సూసొస్త అని, ఆ వారం దినాలు మా వానికే పెట్టింది."