కదలని ఎలుక

"దళం నుంచి తప్పుకున్న పిల్ల సిరిసిల్లల నేతోళ్ల ఇంటికి కోడలుగ వచ్చిందట," అన్నాడు ఎస్సై, మా వాకిట్లో కుర్చీ వేసుకుని. "నువ్వేం పని చేస్తవ్ రా?"

"హైదరాబాద్ల ఎలుకల ల్యాబుల సార్," అన్నాడు మా ఆయన. "గంట కొట్టి కరెంటు పెడ్తం. నాలుగు దినాలైతే వట్టి గంట ఇన్నా బిగుసుకపోతయి. మెదడుల రసమే మారుతదట. కరెంటు తినని ఎలుకైతే ఎగిరి దుంకుతది."

"ఎలుకల పంతులువన్నట్టు!" ఎస్సై నవ్వి కనుసైగ చేశాడు. నా వెనకున్న పోలీసు తుపాకీ బోల్టు ఠక్కున లాగాడు.

అత్త కెవ్వుమని చేతిలో చేట పారేసింది. రాట్నం ముందు తెగిన పోగు పట్టుకుని కూర్చున్న నేను కదలలేదు. ఊపిరి కూడా తీసుకోలేదు.

ఎస్సై నా వైపు వంగాడు.

"ఆమెకు చెవులు ఇనరావు సార్," అన్నాడు మా ఆయన వెంటనే. "పుట్టు చెవుడు."

అత్త నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది.

జీపు వెళ్లిపోయాక ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. పెళ్లయిన ఆరు నెలల్లో నా గతం అడగడం అదే మొదటిసారి.

"ఎన్నేండ్లున్నవ్ అడవిల?"

నేను తల ఎత్తలేదు. తెగిన పోగు అతుకుతూ, చెవిటిదానిలాగే కూర్చున్నాను.